35 ఏళ్ళ కారులో ఆపేసిన ఆటోమేటిక్ సీటు బెల్టులు: రిపేరు డైరీ

కారు 1990 మోడల్ సెడాన్, జపాన్ కంపెనీది. మేము ఉండేది ఒహాయోలో, కొలంబస్ దగ్గర. 1,18,000 మైళ్ళు తిరిగిన బండి. మా పెద్దమ్మాయికి పదిహేనున్నర నిండింది, పర్మిట్ చేతికొచ్చింది. తను డ్రైవింగ్ నేర్చుకునేది ఈ కారులోనే. బెల్టులు బాగయ్యేదాకా కారు గరాజు దాటకూడదని ఇంట్లో అందరం ఒప్పుకున్నాం. కారు ఎలా దొరికింది, ఎంత ముచ్చటపడ్డాం అన్నది వదిలేస్తున్నాను. ఇలాంటి కారే కొన్నవాళ్ళకు పనికొచ్చేది మాత్రం రాస్తున్నాను. నేను చేసిన తప్పులు కూడా అందులోవే.

మన దగ్గర రోడ్ల మీద కనబడే వస్తువు కాదు కాబట్టి ముందు ఇది ఏమిటో చెప్పాలి. తలుపు పైఅంచు వెంట, ముందు అద్దం పక్కనున్న స్తంభం నుంచి మన భుజం వెనక స్తంభం దాకా ఒక ట్రాకు ఉంటుంది. భుజం బెల్టు ఒక కొస రెండు సీట్ల మధ్యనున్న చుట్టలోంచి వస్తుంది. రెండో కొస ట్రాకులో జరిగే స్లైడర్‌కు తగిలించి ఉంటుంది. తలుపు వేసి తాళం తిప్పగానే మోటారు ఆ స్లైడర్‌ను వెనక్కి లాగుతుంది, బెల్టు భుజం మీదికి వచ్చేస్తుంది. తలుపు తీస్తే స్లైడర్ ముందుకు పోతుంది, మనం దిగిపోవచ్చు. నడుము బెల్టు మాత్రం విడిగా ఉంటుంది, దాన్ని మనమే చేత్తో పెట్టుకోవాలి.

ఇది ఫ్యాషన్ కోసం వచ్చింది కాదు. 1984లో అమెరికా రవాణా శాఖ మంత్రి ఎలిజబెత్ డోల్ తెచ్చిన నిబంధన ప్రకారం 1987 మోడళ్ళ నుంచి విడతలవారీగా, 1990 మోడల్ వచ్చేసరికి అన్ని కార్లలోనూ, మనిషి ఏమీ చేయకుండానే కాపాడే ఏర్పాటు ఉండాలి: అయితే ఎయిర్‌బ్యాగు, లేదంటే ఆటోమేటిక్ బెల్టు. ఎయిర్‌బ్యాగు ఖరీదు. అందుకని చాలా కంపెనీలు బెల్టు దారి పట్టాయి. మోటారుతో నడిచే బెల్టు అంతకుముందే 1981 టొయోటా క్రెసిడాలో వచ్చి ఉంది. 1991లో చేసిన చట్టంతో 1998 మోడల్ కార్లన్నిటికీ ముందు సీట్లలో ఎయిర్‌బ్యాగులు తప్పనిసరి అయ్యాక ఈ బెల్టులు వెళ్ళిపోయాయి. నా కారులో ఎయిర్‌బ్యాగు లేదు. అంటే ఈ బెల్టు పోతే ఇంకేమీ లేనట్టే.

దశ 0: ఉన్నది ఉన్నట్టు (మార్చి 1)

ఏదీ ముట్టుకోకుండా చూసి రాసుకున్నవి:

1. డ్రైవర్ వైపు స్లైడర్ ముందు కొసలో బిగుసుకుపోయి ఉంది. ఎమర్జెన్సీ బకిల్ ఎర్ర బటన్ నొక్కి బెల్టును విడదీసి సీట్ల మధ్య పడేశారు.
2. పక్క సీటు వైపు స్లైడర్ వెనక ఉంది. బెల్టు తగిలించే ఉంది. చూడడానికి అంతా బాగున్నట్టే ఉంది.
3. ఫ్యూజు డబ్బాలో 30 ఆంప్స్ ఫ్యూజు గూడు ఖాళీ.
4. డ్యాష్‌బోర్డులో బెల్టు హెచ్చరిక దీపం వెలగదు. వెనక చెయ్యి పెట్టి చూస్తే బల్బు ఊడబెరికారు.

బల్బు తీసేశారంటే ఎవరో కావాలనే ఆపారని అర్థం. కారణం లేకుండా ఎవరూ అంత పని పెట్టుకోరు. ఫ్యూజు పెట్టి, వైరు కలిపి చూద్దాం అనుకునేవాళ్ళు ఇక్కడ ఒక్క నిమిషం ఆగండి. నేను ఆగలేదు.

ఇంకో మాట. ఇక్కడి ఫెడరల్ చట్టం ప్రకారం కార్ల డీలర్లు, రిపేరు షాపులు ఇలాంటి భద్రతా ఏర్పాటును పనిచేయకుండా చేయకూడదు. సొంత కారు మీద ఓనరు చేసుకునే పనికి ఆ నిషేధం వర్తించదు. అందుకే పాత కార్లలో ఇలా ఆపేసినవి ఎక్కువగా ఇంటి దగ్గర చేసిన పనులే, ఏం చేశారో రాసిపెట్టిన కాగితం ఉండదు.

ఇప్పటిదాకా: 1.5 గంటలు, 0 డాలర్లు.

దశ 1: ఫ్యూజు నిలవదు (మార్చి 8, 9)

కొత్త 30 ఆంప్స్ ఫ్యూజు పెట్టాను. ఏమీ కాలేదు. తాళం తిప్పాను, టప్‌మని పోయింది. ఇంకొకటి పెట్టాను, అదీ పోయింది. రెండోది పెట్టకుండా ఉండాల్సింది. ఫ్యూజు పోయిందంటే కరెంటు ఎక్కడో దారి తప్పి బాడీలోకి పోతోంది. ఇంకో ఫ్యూజు పెట్టినంత మాత్రాన అది ఎక్కడో తెలియదు.

ఆ తరువాత చేసిన పద్ధతి ఇది, ఏ షార్టుకైనా పనికొస్తుంది:

1. పాత 55 వాట్ల హెడ్‌లైటు బల్బుకు రెండు వైర్లు కట్టి, ఫ్యూజు గూటిలో ఫ్యూజు బదులు తగిలించాను. షార్టు ఉంటే బల్బు నిండుగా వెలుగుతుంది, వైర్లు కాలవు.
2. తాళం తిప్పకముందు బల్బు వెలగలేదు. తిప్పగానే నిండుగా వెలిగింది.
3. బెల్టు కంట్రోల్ యూనిట్ నుంచి పోయే కనెక్టర్లు ఒక్కొక్కటే పీకాను. పక్క సీటు మోటారుది పీకితే మార్పు లేదు. డ్రైవర్ వైపుది పీకగానే బల్బు ఆరిపోయింది.

తాళం తిప్పాకే షార్టు కావడం పెద్ద ఆధారం. కదలాల్సిన పని లేనప్పుడు మోటారుకు పోయే రెండు వైర్లూ బ్యాటరీ నెగటివ్‌కు కలిసిన కారు బాడీలో, అంటే ఎర్త్‌లోనే ఉంటాయి. తాళం తిప్పి, తలుపు మూసి ఉంటేనే యూనిట్ ఒక వైరులోకి 12 వోల్టులు వదులుతుంది. అంటే తప్పు యూనిట్ దాటాక, మోటారుకు పోయే వైరులోనే ఉండాలి.

భుజం వెనక స్తంభం కింది ప్లాస్టిక్ మూత ఊడదీశాను. గడప మీది పట్టీకి నాలుగు స్క్రూలు, మూతకు రెండు క్లిప్పులు, నడుము బెల్టు లంగరు బోల్టు ఒకటి. లోపల మోటారు వైర్లు రెండూ కత్తిరించి ఉన్నాయి. నల్ల టేపు చుట్టారు కానీ ఏళ్ళ వేడికి దాని జిగురు కరిగి, టేపు గొట్టంలా జారిపోయింది. బయటపడ్డ రాగి పోగులు బాడీ రేకును తాకుతున్నాయి. తాకిన చోట రేకు మీద నల్లటి చుక్కలు మూడు. అంటే నాకంటే ముందు కూడా ఎవరో ఇక్కడ ఫ్యూజులు కాల్చారు.

వైర్లు రెండు అంగుళాలు వెనక్కి కోసి, మంచి రాగి కనిపించేదాకా ఒలిచి, సోల్డర్ చేసి, హీట్ ష్రింక్ (వేడి చేస్తే వైరు మీద బిగుసుకునే ప్లాస్టిక్ గొట్టం) వేశాను. యూనిట్ దగ్గర పీకిన డ్రైవర్ మోటారు కనెక్టర్ మాత్రం కలపకుండా ఉంచాను.

లంగరు బోల్టు తీసినవాళ్ళు దాన్ని చేతి బలంతో బిగించి వదలొద్దు. నా కారు సర్వీస్ మాన్యువల్‌లో 43 న్యూటన్ మీటర్లు అని ఉంది, టార్క్ రెంచితోనే బిగించాను. మీ కారు అంకె మీ మాన్యువల్‌లో చూసుకోండి. 1994, 95 మోడళ్ళలో కొన్నిటికి ఎయిర్‌బ్యాగు కూడా ఉంటుంది. అలాంటి కారైతే పసుపు రంగు కనెక్టర్ల జోలికి పోవద్దు.

ఖర్చు: ఫ్యూజులు 6, హీట్ ష్రింక్, సోల్డర్ 11.
ఇప్పటిదాకా: 6.5 గంటలు, 17 డాలర్లు.

దశ 2: బాగున్నది చెడింది (మార్చి 15)

పక్క సీటు కనెక్టర్ కలిపి ఉండగానే ఫ్యూజు పెట్టి తాళం తిప్పాను. ఫ్యూజు నిలిచింది. కానీ వెనక బుద్ధిగా ఉన్న పక్క సీటు స్లైడర్ గిర్రున ముందుకు పోయి అక్కడే ఉండిపోయింది. తలుపు ఎన్నిసార్లు వేసినా వెనక్కి రాలేదు. కరెంటు ఇచ్చే ముందు రెండు వైపుల మోటార్ల కనెక్టర్లూ పీకి ఉంచాలి, ఒక వైపు తరువాత ఒక వైపు కలపాలి. ఇది ముందే చేసి ఉంటే ఒక పూట మిగిలేది.

అయితే అది కదలడం వల్లే ఒక ముఖ్యమైన సంగతి తెలిసింది. స్లైడర్ ముందుకు పోయాక వెనక కొసలో టార్చి వేసి చూశాను. అక్కడ స్తంభానికి బిగించిన ఉక్కు లంగరు ఒకటి ఉంది. స్లైడర్ చివరిదాకా వచ్చి ఆ లంగరులో లాక్ అయితేనే గుద్దుకున్నప్పుడు బెల్టు మీద పడే బరువు స్తంభం మోస్తుంది. లాక్ కాకపోతే ఆ బరువంతా సన్నటి ట్రాకు మీద, ప్లాస్టిక్ టేపు మీద పడుతుంది. మొదటి రోజు తీసిన ఫోటో పెద్దది చేసి చూసి, స్లైడర్ పొడవుతో పోల్చి లెక్క కట్టాను. ఇది ఆగింది లంగరుకు 11 మిల్లీమీటర్ల ముందు. ఫ్యూజు పీకిన క్షణంలో ఎక్కడుందో అక్కడే ఆగిపోయి ఉంటుంది. ఇన్నాళ్ళూ ఆ సీట్లో కూర్చున్నవాళ్ళు బెల్టు ఉందనే నమ్మకంతో కూర్చున్నారు. ఈ డైరీ మొత్తంలో నన్ను బాగా భయపెట్టింది ఇదే.

కాబట్టి స్లైడర్‌ను వెనక పెట్టి వైరు పీకేసిన కారు మీ దగ్గరుంటే ఇలా చూడండి:

1. స్లైడర్‌ను చేత్తో పట్టుకుని ముందుకు గట్టిగా లాగండి. లాక్ అయితే వెంట్రుకంత కూడా కదలదు.
2. లాక్ అయ్యేటప్పుడు చివర్లో ‘టక్’ అని చప్పుడు రావాలి. మోటారు చప్పుడు ఆగడం ఒక్కటే చాలదు.
3. టార్చితో లంగరుకూ స్లైడర్‌కూ మధ్య సందు చూడండి. సందు కనబడితే లాక్ కాలేదు.

ఇక వెనక్కి రాకపోవడానికి కారణం వెతకాలి. తలుపు తీసి ఉందా, వేసి ఉందా అని యూనిట్‌కు చెప్పేది తలుపు తాళం లోపలి చిన్న స్విచ్చి. లోపలి లైటుకు వేరే స్విచ్చి ఉంది, కాబట్టి లైటు సరిగ్గా ఆరుతోందని దీన్ని వదిలేయకూడదు. యూనిట్ కనెక్టర్ దగ్గర మల్టీమీటర్ పెట్టి కొలిస్తే:

తలుపు తీసి ఉన్నప్పుడు: 0.3 ఓములు.
తలుపు వేసి ఉన్నప్పుడు: అదే 0.3 ఓములు. ఇక్కడ దారి తెగి ఉండాలి.

తలుపు ఎప్పుడూ తెరిచే ఉందని యూనిట్ అనుకుంటోంది. తలుపు లోపలి అట్ట తీసి, తాళం బయటికి తెచ్చి చూస్తే పాత గ్రీజు గట్టిపడి స్విచ్చి పుల్లను పట్టేసింది. బ్రేక్ క్లీనర్‌తో కడిగి, తెల్ల గ్రీజు చిటికెడు పూసి, యాభై సార్లు ఆడించాను. ఇప్పుడు తలుపు వేస్తే మీటరు ఏమీ చూపడం లేదు, తీస్తే 0.3. తాళం తిప్పగానే స్లైడర్ వెనక్కి వచ్చింది, టక్‌మంది. లాగితే కదల్లేదు.

బాగున్న వైపు అంకెలు ఇప్పుడే రాసి పెట్టుకోండి, చెడిన వైపును పోల్చడానికి అంతకంటే మంచి కొలబద్ద దొరకదు. నావి: పూర్తి ప్రయాణానికి 3.9 సెకన్లు, కదిలేటప్పుడు 4.2 ఆంప్స్, మోటారు దగ్గర 11.6 వోల్టులు.

ఖర్చు: క్లీనర్, గ్రీజు 14.
ఇప్పటిదాకా: 9.5 గంటలు, 31 డాలర్లు.

దశ 3: డ్రైవర్ వైపు ట్రాకు (మార్చి 16 నుంచి 30 దాకా)

డ్రైవర్ మోటారు కనెక్టర్ కలిపాను. మోటారు మూలిగింది, స్లైడర్ రెండు అంగుళాలు జరిగి ఆగింది. క్లాంప్ మీటరు 13 ఆంప్స్ చూపింది, అంటే బాగున్న వైపుకు మూడింతలు. మోటారు తిరగాలని చూస్తోంది, ఏదో పట్టేస్తోంది.

ఇక్కడ చేసిన తప్పు వివరంగా రాస్తున్నాను, ఎందుకంటే ఎవరికైనా మొదట తోచేది అదే. ట్రాకు సందులోకి స్ప్రే నూనె కొట్టాను. అయిదు నిమిషాల్లో స్లైడర్ నెమ్మదిగా కదిలింది. రెండు రోజులు పనిచేసింది. మూడో రోజు ట్రాకు మధ్యలో, సరిగ్గా నా చెవి పక్కన ఆగిపోయి ఇటూ కదల్లేదు, అటూ కదల్లేదు. పలుచటి నూనె గట్టి గ్రీజును సగం కరిగించి జిగటగా చేసి, ఆ ముద్దనంతా ఒక చోటికి తోసుకొచ్చి పెట్టింది. పైకప్పు బట్ట అంచుకు నూనె మరక కూడా మిగిలింది.

22న ట్రాకు మొత్తం దించాను.

1. బ్యాటరీ నెగటివ్ తీసేయాలి.
2. తలుపు చుట్టూ ఉన్న రబ్బరు, ముందు స్తంభం మూత, పైకప్పు బట్ట అంచు. చలిలో ఈ ప్లాస్టిక్ విరుగుతుంది. హెయిర్ డ్రయ్యర్‌తో వెచ్చచేసి తీశాను, అయినా ఒక క్లిప్పు విరిగింది.
3. ట్రాకుకు ఆరు బోల్టులు. ఏది ఎక్కడిదో అట్టముక్క మీద ట్రాకు బొమ్మ గీసి, ఆయా చోట్ల గుచ్చి పెట్టుకున్నాను.
4. స్తంభం అడుగున మోటారుకు మూడు బోల్టులు. మోటారు, టేపు, ట్రాకు అన్నీ కలిపి ఒకే ముక్కగా బయటికి వస్తాయి. వంచకూడదు, ఇంకో మనిషి పట్టుకోవాలి. మా అమ్మాయి ముందు కొస పట్టుకుంది.

గరాజు బల్ల మీద పెట్టి చూశాం. ట్రాకు లోపలి గ్రీజు పాత బెల్లంలా ఉంది, అదే రంగు, అంతే గట్టి. గోరు పెడితే పెంకులా లేచింది. స్లైడర్‌ను లాగేది ఒక ప్లాస్టిక్ టేపు, వరసగా పళ్ళున్నది. కొన్ని కార్లలో దీని బదులు స్ప్రింగులా చుట్టిన తీగ ఉంటుంది. టేపును వెలుతురుకు పట్టి మా అమ్మాయి వేలితో తడుముతూ లెక్కపెట్టింది: పదకొండు పళ్ళు అరిగి నున్నగా అయిపోయాయి, అన్నీ ఒకే చోట. స్లైడర్ ముందు కొస నుంచి రెండు అంగుళాలు జరిగినప్పుడు మోటారు గేరు కిందికి వచ్చే చోటు అది.

ఆపేసిన కారణం ఇప్పుడు దొరికింది. గ్రీజు గట్టిపడి స్లైడర్ ఆగింది. మోటారు మాత్రం తిరుగుతూ అక్కడి పళ్ళు అరగదీసింది. కారు తాళం తిప్పిన ప్రతిసారీ భుజం వెనక గర్రుమనే చప్పుడు. ఆ చప్పుడు పడలేక వైర్లు కోశారు, తరువాత షార్టై ఫ్యూజులు పోతుంటే ఫ్యూజే తీసేశారు, దీపం వెలుగుతుంటే బల్బు తీశారు. ఒకదాని వెనక ఒకటి మూడు పనులు. వైరు ఒక్కటి కలిపి నేను ఆగి ఉంటే మళ్ళీ మొదటి చప్పుడు దగ్గరికే వచ్చేవాణ్ణి.

టేపు విడిగా కొత్తది ఎక్కడా దొరకలేదు. పాత కార్ల యార్డుకు పోయి అదే మోడల్ నుంచి ట్రాకు, మోటారు విప్పుకొచ్చాను, 20 డాలర్లు. ఇంటికొచ్చి పెట్టబోతే వంపు ఎదురు తిరిగి ఉంది. కారుకు ఎదురుగా నిలబడి ఎడమ అనుకున్నది నిజానికి కుడి వైపుది. కారు విడిభాగాల్లో ఎడమ, కుడి అంటే సీట్లో కూర్చున్న మనిషి ఎడమ, కుడి. మళ్ళీ పోయి సరైనది తెచ్చాను, 45. యార్డు దూరం కాబట్టి ఈ తప్పుకు ఒక ఆదివారం పోయింది.

యార్డు నుంచి ట్రాకు, మోటారు మాత్రమే తెచ్చాను. బెల్టు పట్టీ, దాన్ని చుట్టుకునే చుట్ట తేలేదు, మీరూ తేవద్దు. యార్డులోకి వచ్చే కార్లలో గుద్దుకున్నవి ఎన్నో ఉంటాయి. ఒకసారి గట్టిగా లాగబడ్డ పట్టీ చూడడానికి బాగున్నా దాన్ని నమ్మకూడదు. నా పాత పట్టీని చుట్టలోంచి పూర్తిగా లాగి, అంగుళం అంగుళం లైటు కింద చూశాను. పోగులు లేవలేదు, కోతలు లేవు, గ్రీజు మరక ఒకటే. గోరువెచ్చని నీళ్ళు, మామూలు సబ్బుతో తుడిచి నీడలో ఆరబెట్టాను. బ్లీచు వాడకూడదు, పోగులు బలహీనపడతాయి.

తెచ్చిన ట్రాకును ఆల్కహాలుతో మూడుసార్లు తుడిచాను. బట్ట తెల్లగా వచ్చేదాకా తుడిచి, సిలికాన్ గ్రీజు సన్నగా, వేలికి అంటీ అంటనట్టు పూశాను.

ఖర్చు: ట్రాకులు 65, ఆల్కహాలు, సిలికాన్ గ్రీజు 12.
ఇప్పటిదాకా: 18.5 గంటలు, 108 డాలర్లు.

దశ 4: కదులుతోంది, కానీ నీరసంగా (ఏప్రిల్ 5)

అంతా బిగించి తాళం తిప్పితే స్లైడర్ చివరిదాకా వచ్చింది. కానీ పట్టిన సమయం 6.8 సెకన్లు, అవతలి వైపు 3.9. అయిదుసార్లలో రెండుసార్లు టక్ వినబడలేదు, లాగితే కదిలింది. అంటే లాక్ పడేంత బలం చివర్లో చాలడం లేదు. మోటారు యార్డుదే కదా, నీరసపడిందేమోనని ఇంకో మోటారు కోసం వెతకడం మొదలుపెట్టాను.

మా బావమరిది విజయవాడ ఆటోనగర్‌లో ఆటో ఎలక్ట్రీషియన్. ఇలాంటి బెల్టు వాడు ఎప్పుడూ చూడలేదు. వీడియో కాల్‌లో స్లైడర్ కదిలేది రెండుసార్లు చూపించమన్నాడు. చూసి, “మోటారు జోలికి పోకు బావా, ఎర్త్ చూశావా?” అన్నాడు. మోటారు దగ్గర వోల్టేజీ ఎంతో అడిగాడు. కొలిస్తే 9.1. “మరి మిగతా రెండున్నర ఎక్కడ పోయింది? మీటరు నల్ల పుల్ల బ్యాటరీ నెగటివ్ మీద పెట్టు, ఎర్ర పుల్ల ఎర్త్ వైరు కొస మీద పెట్టు. మోటారు తిరుగుతుండగా చూడు.”

చూస్తే 2.3 వోల్టులు. అక్కడ సున్నాకు దగ్గరగా ఉండాలి.

ఈ కారులో రెండు వైపుల రిలేలకూ (మోటారుకు కరెంటు వదిలే, ఆపే స్విచ్చిలు) ఎర్త్ బోల్టులు వేరు. డ్రైవర్ వైపుది గడప పక్కన, కార్పెట్ అడుగున ఉంది. ఒహాయోలో చలికాలమంతా రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. మంచు, ఉప్పు అంటిన బూట్లతో ఎక్కే డ్రైవర్ కాళ్ళ కింద ఆ కార్పెట్ 35 ఏళ్ళుగా నానుతోంది. బోల్టు తల పచ్చగా, చుట్టూ రేకు ఎర్రగా పొట్టు లేచి ఉంది.

1. బోల్టు తీసి, రింగు టెర్మినల్‌ను, రేకును ఉప్పుకాగితంతో లోహం మెరిసేదాకా రుద్దాను.
2. బిగించాక పైన మాత్రమే గ్రీజు పూశాను.
3. కార్పెట్ ఎత్తిపెట్టి రెండు రోజులు ఫ్యాను కింద ఆరబెట్టాను.

మళ్ళీ కొలతలు: ఎర్త్ దగ్గర 0.06 వోల్టులు, మోటారు దగ్గర 11.4, ప్రయాణం 4.0 సెకన్లు. టక్ ప్రతిసారీ గట్టిగా వినబడింది. బావమరిదికి ఆ చప్పుడు రికార్డు చేసి పంపాను.

స్లైడర్ చివరికి చేరగానే మోటారును ఆపించే లిమిట్ స్విచ్చి వెనక కొసలో ఉంది, అదీ చూశాను. లాక్ పడ్డాక కూడా మోటారు ఒక్కోసారి రెండు మూడు సెకన్లు మూలుగుతోంది. నొక్కి కొలిస్తే ఒకసారి 2 ఓములు, ఒకసారి 180. కాంటాక్ట్ క్లీనర్ కొట్టి ఇరవైసార్లు నొక్కితే 0.4 దగ్గర నిలబడింది.

ఖర్చు: కాంటాక్ట్ క్లీనర్ 9.
ఇప్పటిదాకా: 22.5 గంటలు, 117 డాలర్లు.

దశ 5: పరీక్షలు (ఏప్రిల్ 12, 13)

హెచ్చరిక దీపం బల్బు ముందు పెట్టాను. మొదట తీసేసేది అదే, చివరికి మరిచిపోయేదీ అదే.

తరువాత డ్రైవర్ వైపు వంద సార్లు తలుపు తీసి వేసి, తాళం తిప్పి చూడాలనుకున్నాం. మధ్యమధ్య మోటారు చల్లబడడానికి విరామం. మా చిన్నాడు పలక మీద గీతలు పెట్టాడు. 31వ సారి స్లైడర్ కదల్లేదు. దీపం వెలిగింది. యూనిట్ మీద వేలితో తట్టగానే కదిలింది.

తట్టితే పనిచేసేది చాలాసార్లు సోల్డర్ అతుకు సంగతే అయి ఉంటుంది. యూనిట్ విప్పి భూతద్దంతో చూస్తే, ఒక రిలే కాలు చుట్టూ సోల్డర్‌లో వెంట్రుకంత సన్నటి ఉంగరం, పూర్తి గుండ్రంగా. కాలు చుట్టూ అతుకు విడిపోయింది. రెండు రిలేల కాళ్ళన్నిటికీ పాత సోల్డర్ పీల్చేసి కొత్తది పెట్టాను. మళ్ళీ మొదటి నుంచి వంద. ఒక్కసారి కూడా తప్పలేదు.

మిగిలిన పరీక్షలు:

1. ఎమర్జెన్సీ బకిల్: రెండు వైపులా ఎర్ర బటన్ ఒక వేలితో నొక్కితే విడింది. మళ్ళీ పెడితే పట్టుకుంది. కారులో ఎక్కే ప్రతివాళ్ళకూ ఇది చూపించాలి. కరెంటు పోతే దిగడానికి దారి ఇదే.
2. చుట్ట: ఖాళీ పార్కింగులో గంటకు 15 మైళ్ళ వేగంలో గట్టిగా బ్రేకు కొడితే రెండు బెల్టులూ బిగిశాయి.
3. నడుము బెల్టులు: లంగరు బోల్టుల టార్క్ మళ్ళీ చూశాను.

ఖర్చు: బల్బు 3.
ఇప్పటిదాకా: 26 గంటలు, 120 డాలర్లు.

13 సాయంత్రం

మా అమ్మాయి మొదటిసారి డ్రైవర్ సీట్లో కూర్చుంది. తాళం తిప్పింది. స్లైడర్ వచ్చింది, టక్‌మంది, బెల్టు భుజం మీద పడింది. గేరు మీద చెయ్యి వేసింది.

“నడుము బెల్టు ఏదమ్మా?”

“బెల్టు వచ్చేసింది కదా నాన్నా.”

ఇన్ని వారాలు ట్రాకు పట్టుకుని, పళ్ళు లెక్కపెట్టి, ఎలా పనిచేస్తుందో నాకంటే బాగా చెప్పగల పిల్ల. అయినా ఒక బెల్టు దానంతటదే వచ్చేసరికి రెండోది గుర్తుకు రాలేదు. తన తప్పు కాదు, ఈ ఏర్పాటులోనే ఉన్న లోపం అది. నడుము బెల్టు లేకుండా భుజం బెల్టు ఒక్కటే ఉంటే, గుద్దుకున్నప్పుడు ఒళ్ళు సీట్లోంచి కిందికి జారిపోతుంది, పట్టీ మెడకు పడుతుంది. ఆ మాట దాచకుండా చెప్పాను. కారు ఆపించి, మేమిద్దరం వరస మార్చాం: కూర్చోవడం, తలుపు, నడుము బెల్టు, ఆ తరువాతే తాళం. తాళం తిప్పాక నడుము బెల్టు సంగతి మరిచిపోతాం, తిప్పకముందు అయితే అది మన చేతిలో ఉన్న పనే. తెల్ల టేపు ముక్క మీద తను ‘నడుము’ అని తెలుగులో రాసి తాళం రంధ్రం పక్కన అంటించింది.

ఆ వరస పదిసార్లు చేశాక మా వీధి చుట్టూ రెండు రౌండ్లు వేశాం.

మిగిలిన పనులు: పక్క సీటు ఎర్త్ బోల్టు కూడా తీసి రుద్దాలి, అక్కడ ఇప్పుడు 0.2 వోల్టులు పోతోంది. విరిగిన స్తంభం క్లిప్పు కొత్తది రావాలి. నెలకోసారి రెండు స్లైడర్లనూ చేత్తో లాగి చూసి, సెకన్లు కొలిచి ఇక్కడే రాస్తాను. మే 10న మొదటిది.